అందరికీ తెలిసిన గుడిసె

ఆ రోజుల్లో ఎన్నూరు మద్రాసులో చేరేది కాదు. బస్సు వెళ్లేది, లారీలు వెళ్లేవి, మనలి ఫ్యాక్టరీల వాసన అటూ ఇటూ సమానంగానే అందేది. కానీ కార్పొరేషన్ ఎల్ల ఎన్నూరు రాకముందే ముగిసిపోయేది. ఆపైన చెంగల్పట్టు జిల్లా. మ్యాపులో అదొక సన్నటి గీత. నా ఉద్యోగంలో మాత్రం అది గోడ. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీకు ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే మేమంతా అంత చేతకానివాళ్లమా అని మీకు అనుమానం వస్తుంది. అంతా విన్నాక ఎలాగూ వస్తుందనుకోండి.

డెబ్బైల మొదట్లో నేను మద్రాసు ఉత్తరాన ఒక ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డుకి సోషల్ వర్కర్ని. మా ఇల్లు పురసవాక్కంలో. నాన్న జవుళి కొట్లో లెక్కలు రాసేవాడు. నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ బోధపడేది కాదు. నర్సువా అంటే కాదు, డాక్టరువా అంటే కాదు.

“మరి నువ్వు ఆడ ఏం జేస్తావే?” అని అమ్మ అడిగేది.

“మాట్లాడతానమ్మా.”

“దానికా జీతం ఇచ్చేది?”

నిజానికి అమ్మ అడిగింది సబబైన ప్రశ్నే. రోగి ఇంటి సంగతి కనుక్కుని డాక్టరుకి చెప్పాలి, డాక్టరు మాట రోగికి అర్థమయ్యేట్టు చెప్పాలి, కావలసిన సాయం ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. అన్నీ నోటితో చేసే పనులే. చేతిలో మందూ లేదు, అధికారమూ లేదు.

ఒకరోజు పొద్దున ఔట్ పేషెంట్ నుంచి ఒక అయిదేళ్ల పిల్లని వార్డులో చేర్చారు. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కాలింది. పక్కన తల్లి, ఆమె చంకలో రెండేళ్ల పిల్లవాడు. ఆమె నెల్లూరు వైపు సముద్రం ఒడ్డునుంచి వలస వచ్చిన మనిషి. ఎన్నూరులో కొత్తగా కడుతున్న కరెంటు స్టేషన్ దగ్గర కాంట్రాక్టరు కింద తట్టలతో ఇసుక మోస్తుంది. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి డాక్టరు నన్ను పిలిచాడు.

“ఎట్టా కాలిందమ్మా?” అన్నాను.

“గంజికుండ దించబోయిందంట. తమ్ముడు ఆకలికి ఏడస్తా ఉంటే.”

“నువ్వేడున్నావు?”

“పనిలో ఉండా.”

“ఇంట్లో ఇంకెవరున్నారు మరి?”

“ఎవరుంటారు? అదీ, ఈడూ. నేను తాళమేసి పోతా.”

దాచాలని కూడా అనుకోలేదు ఆమె. పనికి పోయేవాళ్లు ఇంటికి తాళం వేసుకోవడంలో వింతేముంది అన్నట్టు చెప్పింది.

“పిల్లల్ని లోపల పెట్టి తాళమేస్తావా?”

ఆమె చంకలో పిల్లవాణ్ని పైకి జరుపుకుంది. “బయట ఇడిసిపెడితే పెద్దోడు పోయినాడు గదమ్మా. ఏట్లో. తెల్లారి ఆడుకుంటా ఉన్నోణ్ని ఇడిసి పోయినా, పొద్దుగూకి వస్తే లేడు.”

వాళ్ల గుడిసె ఉప్పుటేటి గట్టు మీదే. భర్త లారీ క్లీనరు, లోడుతో పోయి తిరిగి రాలేదు. పెద్ద కొడుకు ఏట్లో పడి పోయాక ఆమె ఒక తాళం కొన్నది. ఇదంతా డాక్టరుకి తమిళంలో చెప్పాను. ఆయన పిల్ల చేతికి కట్టు కడుతూనే విన్నాడు. మంచి డాక్టరు. మాటల్లో మాత్రం కరుకు.

“నేను చేతికి వైద్యం చేయగలను. తలుపుకి చేయలేను. అది పోలీసులు చూడాలి,” అన్నాడు.

పిల్ల వార్డులో కొన్ని వారాలుంది. తల్లి చిన్నవాణ్ని ఎత్తుకుని గుడిసెకి తిరిగి వెళ్లిపోయింది. మొదటిరోజు నుంచే కిటికీ పక్క మంచం కావాలని పేచీపెట్టి సాధించుకుంది. ఆ కిటికీకి రోడ్డు కనిపించేది. రోడ్డు మీద ఏం జరుగుతోందో వార్డంతటికీ ఆమే చెప్పేది. “రెండంతస్తుల బస్సు పోతా ఉండాది. ఒక ముసిలాయన గొడుగు పారేసుకున్నాడు. ఆవు అడ్డం పడుకోనుంది, లారీవోడు తిడతా ఉండాడు.” నడవలేని పిల్లలు ఆమె వైపు తిరిగి పడుకుని వినేవాళ్లు. కేరళ నుంచి వచ్చిన మా వార్డు సిస్టరుకి తెలుగు ముక్క రాదు, అయినా పని మానేసి నిలబడి వినేది. అంత సరదా పిల్ల కూడా ఎవరు తలుపు దగ్గరికి వెళ్లినా ఉలిక్కిపడేది. “తాళమేసి పోతావా?” అని అడిగేది. లేదంటే నమ్మేది కాదు. మంచం దిగి వచ్చి గడియ తాకి చూసుకుని వెళ్లేది.

ఆ ప్రశ్న వినలేక నేను బస్సెక్కి ఎన్నూరు వెళ్లాను.

మొదట కలిసింది అక్కడి హెల్త్ విజిటర్‌ని. ఇంటింటికీ తిరిగి గర్భిణీలనీ పిల్లల్నీ చూసే నర్సు. యాభై దాటిన ఆవిడ, రాయపురంలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. గుడిసె పేరెత్తగానే నిట్టూర్చింది.

“నాకు తెలీకుండా ఉంటుందామ్మా? కిటికీలోనించి చూసినా గదా. పిల్లలు ఇద్దరూ మసక చీకట్లో కూర్చోనుండారు. సాయంత్రం దాకా కాచుకోని ఆ తల్లికి గట్టిగా జెప్పినా. ఇట్టా జేస్తే పోలీసుకి జెప్తానని. అంతే, మర్నాడు పోయి చూస్తే కిటికీకి చెక్కపలక కొట్టేసింది.”

“పోలీసుకి చెప్పారా?”

“చెప్పేలోపల ఇరుగుపొరుగోళ్లే చెప్పినారంట. సరి, వాళ్లు చూసుకుంటారులే అనుకున్నా.”

స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టరు వయసులో చిన్నవాడే, ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పిల్లల ఏడుపు వినలేకపోతున్నామని చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేసిన మాట నిజమేనన్నాడు. కానిస్టేబుల్‌ని పంపి ఆమెని హెచ్చరించాడట.

“ఏం సెక్షన్ పెట్టమంటారమ్మా?” అన్నాడు తమిళంలో. “కొట్టిందా? లేదు. వదిలేసి పారిపోయిందా? లేదు. ఆమెని లోపల పెడితే ఆ ఇద్దరికీ గంజి ఎవరు పోస్తారు? ఇది ఆస్పత్రివాళ్లు చూడాల్సిన విషయం.”

ఆయన ఇంటిపక్కనే బాల్వాడీ, చిన్నపిల్లల సర్కారు బడి. అక్కడి టీచరమ్మకి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఆమెకీ తెలుసు. తల్లి ఇద్దరినీ తీసుకొచ్చిందట. పిల్లవాడికి మూడేళ్లు నిండలేదు కాబట్టి ఆడపిల్లని మాత్రమే చేర్చుకుంటానని చెప్పిందట. “ఆ పాప తమ్ముణ్ని వదల్లేదక్కా. వాణ్ని ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు గుమ్మం బయటే కూర్చుంది. మూడో రోజు రాలేదు.” చెబుతూనే ఏడ్చేసింది. “మూడేళ్లు నిండనివాడి పేరు రాస్తే నా ఉద్యోగం పోతుంది.”

తిరుగు బస్సులో నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. దుర్మార్గుడు ఒక్కడు దొరికినా బాగుండుననిపించింది. అందరూ మంచివాళ్లే. అందరికీ తెలుసు. తెలిసిన ప్రతివాళ్లూ ఆమెని ఒకసారి బెదిరించి వెళ్లారు. బెదిరించిన ప్రతిసారీ ఆ గుడిసె ఇంకాస్త మూసుకుపోయింది.

పిల్లలిద్దరినీ కొన్నాళ్లు ప్రభుత్వ హోములో ఉంచుదామని ప్రయత్నించాను. నగరంలోని పిల్లల కోర్టుకి వెళితే ఇల్లు మా ఎల్లలో లేదన్నారు. జిల్లా కోర్టు చెంగల్పట్టులో, అంటే ఎన్నూరుకి నగరం మొత్తం దాటి అవతలి కొసన. అక్కడికి వెళితే పిల్ల ప్రస్తుతం నగరంలోని ఆస్పత్రిలో ఉంది కదా, మీ కోర్టుకే వెళ్లండి అన్నారు. కాంట్రాక్టరు ఆఫీసుకీ వెళ్లాను. పనివాళ్ల పిల్లల కోసం షెడ్డు ఉందిగానీ అది పర్మినెంటు వాళ్లకట. ఈలోగా పిల్ల చెయ్యి మానింది. మంచం కోసం బయట జ్వరపు పిల్లలు బెంచీల మీద పడుకుని ఉన్నారు. డాక్టరు నా కోసం మరికొన్ని రోజులు ఆపాడు. తర్వాత ఆపలేకపోయాడు. తల్లి వచ్చి పిల్లని తీసుకెళ్లింది.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. వీళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాలి. ఇప్పుడు మీకిది నవ్వులాటగా ఉంటుంది, కమిటీలతో విసిగిపోయి ఉంటారు. అప్పట్లో ఒక శాఖవాళ్లని మరో శాఖవాళ్లు మీటింగుకి పిలవడం అనే పద్ధతే లేదు. ఎవరి అధికారి అనుమతి ఎవరు తీసుకోవాలి? కాబట్టి మీటింగు అనలేదు. ఒక శనివారం మధ్యాహ్నం బాల్వాడీకి టీ తాగడానికి రమ్మన్నాను.

నలుగురూ వచ్చారు. డాక్టరు రాడనుకున్నాను, ఆయన తన స్కూటరు మీద అంత దూరమూ వచ్చాడు. పిల్లల చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. సబ్ ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒక్కొక్కరూ తమకు తెలిసింది చెప్పారు. హెల్త్ విజిటర్ పలక సంగతి చెప్పినప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. “కిటికీ ఉండేదా దానికి? మావాడు గోడ అనే చెప్పాడే!” టీచరమ్మ గుమ్మం సంగతి చెప్పినప్పుడు డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేరే వేరే గదుల్లో ఉండి ఒకే పిల్లల గురించి బాధపడుతున్నాం ఇన్నాళ్లూ.

తర్వాత పని చకచకా సాగింది. పిల్లవాడి వయసు మూడేళ్లని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. అబద్ధమే. “ఉద్యోగంలో నేను రాసిన అన్నిటికన్నా నిజమైన సర్టిఫికెట్ ఇదే అవుతుంది,” అన్నాడాయన. టీచరమ్మ ఇద్దరినీ చేర్చుకుంటుంది. బాల్వాడీ మధ్యాహ్నమే మూసేస్తారు కాబట్టి సాయంత్రం దాకా అక్కడి ఆయా చూసుకుంటుంది. సబ్ ఇన్‌స్పెక్టరు కాంట్రాక్టరుతో మాట్లాడి తల్లికి కాస్త ముందుగా సెలవిప్పిస్తాడు. హెల్త్ విజిటర్ రోజూ వెళ్లి చూస్తుంది. అయితే ఏడాది మధ్యలో కొత్త పేర్లు రాయాలంటే టీచరమ్మకి పైఆఫీసు నుంచి మాట రావాలి. ఆయా అదనంగా ఉండటానికీ రావాలి. అది పెద్ద విషయంగా ఎవరికీ అనిపించలేదు.

చివర్లో తల్లిని పిలిపించాం. పనిలోంచి అలాగే వచ్చింది, జుట్టు నిండా సిమెంటు దుమ్ము. పోలీసాయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను లేచి లోపలికి తీసుకొచ్చి, అనుకున్నదంతా చెప్పాను. ఆమె ముఖం విప్పారింది.

“ఎప్పటినించమ్మా?”

“రెండు మూడు వారాల్లో.”

“అందాకా?”

సబ్ ఇన్‌స్పెక్టరే మెల్లగా అన్నాడు. “అందాకా జాగ్రత్తగా చూసుకో తల్లీ. మేమందరం ఉన్నాం.”

ఆమె అందరికీ దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను ఉద్యోగంలో చేరాక మొదటిసారి మా అమ్మకి నేనేం చేస్తానో వివరంగా చెప్పాను. అమ్మ చాలా శ్రద్ధగా విన్నది. “మంచి పనే,” అన్నది.

ఆ తర్వాతి వారం వానలు పట్టాయి. వానతో పాటు ఏటి గట్టున వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. హెల్త్ విజిటర్ని ఆమె అధికారి కలరా సూదులు వేయడానికి దూరపు పల్లెలకి పంపాడు. కాదనడానికి లేదు. అక్కడా పిల్లలే. పైఆఫీసు నుంచి మాట ఇంకా రాలేదు. తొందరపెట్టడానికి టీచరమ్మ స్వయంగా ఒకసారి వెళ్లి వచ్చింది, ఆఫీసరు క్యాంపులో ఉన్నాడని చెప్పారు.

ఒక రోజు పిల్లవాడికి పొద్దున్నే ఒకటి రెండు విరేచనాలు అయ్యాయి. తల్లి తర్వాత కోర్టులో చెప్పింది. ఆడుకుంటూనే ఉన్నాడట. శనివారం మా కోసం పని మధ్యలో వచ్చినందుకు మేస్త్రీ అప్పటికే కసిరి ఉన్నాడు, మళ్లీ మానితే రావద్దంటాడు. గంజి కాచి పెట్టి, పిల్లకి జాగ్రత్తలు చెప్పి, తాళం వేసి వెళ్లింది.

పొద్దెక్కేకొద్దీ వాడు తోటకూర కాడలా వాడిపోయి ఉంటాడు. అలాంటి పిల్లల్ని నేను వార్డులో చాలామందిని చూశాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా పట్టి, సమయానికి సెలైను ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటారు. అక్క ఆ రోజంతా తలుపు బాదింది.

పక్క గుడిసె ఆమెతో తర్వాత మాట్లాడాను. తప్పు పట్టడానికి వెళ్లలేదు. అయినా ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

“ఇనపడిందమ్మా. ఇనపడలేదని ఎట్టా జెప్పేది? ముందైతే కిటికీలోంచి నీళ్లయినా అందించేదాన్ని. పలక కొట్టినాక అదీ లేదు. ఆ శనివారం మీరందరూ వచ్చినారు గదా. పోలీసాయన, డాక్టరు, నర్సమ్మ, నువ్వు. ఇంక పెద్దోళ్లు చూసుకుంటా ఉండారు, మనమెందుకు మజ్జలో అని...”

ఆమె లేచి తన గుడిసెలోకి వెళ్లిపోయింది.

తల్లి పొద్దుగూకి తలుపు తీసేసరికి పిల్లవాడు చల్లబడి ఉన్నాడు. వాణ్ని ఎత్తుకుని, పిల్లని చెయ్యిపట్టుకుని, రోడ్డు మీద లారీ ఆపి మా ఆస్పత్రికి వచ్చింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి డాక్టరు వార్డు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మెట్ల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. “వచ్చేసరికే లేడు,” అన్నాడు. పిల్లకి ఏ జబ్బూ లేదు. ఎక్కడ పెట్టాలో తెలియక సిస్టరు మళ్లీ వార్డులోనే పడుకోబెట్టింది. రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి ఉన్నాయి. కిటికీ పక్క మంచమే ఇచ్చారు. గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పటినుంచి జరిగింది చూడండి. ఆ రోజు మధ్యాహ్నానికల్లా పోలీసు జీపు వచ్చింది. రెండు జిల్లాల మధ్య గీత గురించి ఎవరూ మాట్లాడలేదు. హోములో పిల్లకి చోటు దొరికింది. కోర్టు ఆర్డరు దొరికింది. పిల్లవాణ్ని బాల్వాడీలో చేర్చుకోవచ్చని పైఆఫీసు నుంచి మాట కూడా వచ్చింది. బతికి ఉన్నంతకాలం ఏ శాఖకీ చెందని పిల్లవాడు చచ్చిపోయాక అన్ని శాఖలకీ చెందాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు తల్లిని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నా వైపు చూడలేకపోయాడు. “ఇప్పుడు సెక్షన్ దొరికిందమ్మా,” అన్నాడు.

కోర్టులో నేనూ డాక్టరూ సాక్ష్యం చెప్పాం. నిర్లక్ష్యం వల్లే బిడ్డ చనిపోయాడని మీరు ఒప్పుకుంటారా అని సర్కారు వకీలు డాక్టర్ని అడిగాడు. “ఎవరి నిర్లక్ష్యం?” అని డాక్టరు తిరిగి అడిగాడు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పమని మెజిస్ట్రేట్ కోప్పడ్డాడు. ఒప్పుకుంటాను అన్నాడు డాక్టరు. అప్పటికే కొన్ని నెలలు జైల్లో ఉన్నది కాబట్టి అది చాలని ఆమెని వదిలిపెట్టారు.

మేం అయిదుగురం మాత్రం శనివారాలు మానలేదు. నెలకొకసారి అవే చాపల మీద కూర్చునేవాళ్లం. అధికారులు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే మాకంత కసి ఉండేది కాదేమో. కొన్ని పనులు జరిగాయి. తాగుబోతు తండ్రి చేతుల్లోంచి ఒక చంటిదాన్ని తప్పించి మేనత్తకి అప్పగించాం. ఎముకలు రెండోసారి విరిగిన ఒక పిల్లవాణ్ని ఇంటికి పంపకుండా ఆపగలిగాం. వాళ్లు బతికారు. అది చెప్పకపోతే అన్యాయం.

కానీ మీకు తెలుసు గదా, సర్కారు ఉద్యోగం. మొదట సబ్ ఇన్‌స్పెక్టరుకి బదిలీ అయింది. తర్వాత డాక్టరు మదురై వెళ్లాడు. హెల్త్ విజిటర్ రిటైరైంది, టీచరమ్మ పెళ్లి చేసుకుని కోయంబత్తూరు వెళ్లింది. వాళ్ల స్థానాల్లో వచ్చినవాళ్లని నేను వెళ్లి కలిశాను. వాళ్లూ మంచివాళ్లే. “ఏ ఆర్డరు ప్రకారం ఈ మీటింగు?” అని అడిగారు. ఆర్డరు లేదు. నేను పెద్దాఫీసుకి రాశాను, ఆర్డరు వేయమని. అలాంటి అవసరం కనబడటం లేదని జవాబు వచ్చింది. ఒక శనివారం బాల్వాడీలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆయా నా చుట్టూ ఊడ్చి, “తలుపేసుకోవాలక్కా,” అంది.

హోముకి వెళ్లి పిల్లని చూసేదాన్ని. ఆరోగ్యంగా ఉండేది, చదువుకునేది. తోటి పిల్లలతో బాగానే ఉండేదట. నేను వచ్చానని చెబితే మాత్రం లోపలికి వెళ్లిపోయేది. బలవంతం చేయవద్దని నేనే చెప్పాను.

ఆ మీటింగులు ఆగిపోయిన సంవత్సరమే ఒకరోజు ఆ తల్లి ఆస్పత్రికి వచ్చింది. నిండుచూలాలు. భర్త తిరిగొచ్చి కొన్నాళ్లుండి మళ్లీ లారీ ఎక్కి పోయాడట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గోడకి ఆనుకుని నేలమీద కూర్చుంది.

“పాపని తెచ్చుకుంటావా?” అని అడిగాను.

“వద్దమ్మా. ఆడ మూడు పూటలా పెడతా ఉండారు. ఉండనీ.” పొట్ట మీద చెయ్యేసుకుంది. “దీనిగురించి అడగాలని వచ్చినా. ఇంకో నెలకి పుడతాది. నేను పనికి పోకుండా కుదరదు. మరి పోయేటప్పుడు ఈ బిడ్డని ఏం జేసేది? ఈసారి ముందే అడిగి పోదామని వచ్చినా.”

నేను ఒకటొకటిగా ఆలోచించాను. బాల్వాడీలో మూడేళ్లు నిండాలి. కాంట్రాక్టరు షెడ్డు పర్మినెంటు వాళ్లకే. హోములో చంటిపిల్లల్ని తల్లి ఉండగా తీసుకోరు. హెల్త్ విజిటర్ కొత్తది, పోలీసాయన కొత్తవాడు. ఆమె కళ్లార్పకుండా నన్నే చూస్తోంది, పెద్ద డాక్టరు మందు రాస్తుంటే చూసినట్టు.

“కనుక్కుని చెబుతానమ్మా,” అన్నాను.

“సరే,” అని లేచింది. లేవడానికి నేను చెయ్యి అందించాను. బస్సు పోతాదని తొందరగా వెళ్లిపోయింది.

నేను నిజంగానే కనుక్కున్నాను. ఒక చర్చివాళ్లు చంటిపిల్లల్ని పగటిపూట చూసుకునే చోటు రాయపురంలో పెడుతున్నారని తెలిసింది. దూరమే, అయినా ఒక దారి. అది చెప్పడానికి ఎన్నూరు వెళితే గట్టు మీద గుడిసెలు లేవు. ఆ చోటంతా కరెంటు స్టేషన్ బూడిద పోస్తున్నారు. కాంట్రాక్టరు పని ముగించుకుని వెళ్లిపోయాడు. కొందరు మనలి వైపు పోయారన్నారు, కొందరు సొంతూరికి పోయారన్నారు. మనలిలో చాలా రోజులు అడుగుతూ తిరిగాను. హోముకి కూడా ఆమె మళ్లీ రాలేదట.

పుట్టింది ఆడపిల్లో మగపిల్లవాడో కూడా నాకు తెలియదు.